షెడ్డు, ఒకటి

వేలం కంపెనీ గుమాస్తా యూయన్ మెక్‌ఫెయిల్
బూట్ల బురద గడపకి గీకి
జాబితా రాసుకుంటున్నాడు.
మంచాలు, రెండు.
పీట్ కోసే పార, ఒకటి.
షెడ్డు, ఒకటి.

"ఏ షెడ్డు?" అంది డోలీనా.

లూయిస్ దీవి పడమటి అంచున
రేకు కప్పు, రాతి గోడ,
రేకు ఎగిరిపోకుండా తాళ్లకి కట్టిన బండలు,
లోపల తొక్కుడు మగ్గం.
టోర్మడ్ దాన్ని నలభై రెండేళ్లు తొక్కాడు,
ఆదివారం ఒక్కటీ వదిలి.
పడుగు సగం నేసి ఉండగా
మార్చిలో పోయాడు. బుధవారం.

డోలీనా ముప్పై ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పింది.
ఇంట్లో గేలిక్కు, బడిలో ఇంగ్లీషు,
పద్దులు రాయడానికి ఏదైతే ఏం అంటుంది.
యూయన్‌ని కూడా ఎప్పుడో బెంచీ ఎక్కించిందట.

"నీడ అనే మాటకి
అది నోరు తిరగని తోబుట్టువంటారు.
అయిదొందల ఏళ్ల కిందట
ఏ రాతగాడో విన్నది విన్నట్టు
ఒక అచ్చు మార్చి రాసి ఉంటాడు.
పండితులు 'బహుశా' అని ఊరుకుంటారు.
బహుశా కూడా ఒక షెడ్డేరా అబ్బాయ్,
వానొస్తే దూరడానికి సరిపోతుంది."

బయట నిజంగానే వాన.
రేకు మీద ఎవరో పిడికెళ్లతో
శనగలు విసురుతున్నట్టు.

"ఇంకొకటుంది, అదే పేరు,
దీనికి చుట్టం కాకపోవచ్చు.
పాత రోజుల్లో దాని అర్థం వేరుచేయడం.
మా నాన్న కుక్క మందలోంచి
అయిదు గొర్రెల్ని అంగుళం దూరంలో విడదీసేది, అదీ షెడ్డే.
పీటర్‌హెడ్ నుంచి వచ్చిన అమ్మమ్మ
దువ్వెన కొనతో నా నడినెత్తిన తీసే పాపిట,
అదీ షెడ్డే, కళ్లమ్మట నీళ్లొచ్చేట్టు దువ్వేది.
ఆ నీళ్లు కార్చడానికీ అదే మాట.
ఆకులు రాల్చడానికీ అదే,
ఈ దీవిలో రాల్చడానికి చెట్లెక్కడివిలే.
అదుగో ఆ గట్టు, చూడు,
అటు పడ్డ చినుకు అటు సముద్రానికి,
ఇటు పడ్డది మన వాగులోకి.
నీళ్ల మధ్య పాపిట."

యూయన్ కలం ఆగి చాలాసేపైంది.
ఆమె ఇంటి మేడగదిలో వారం రోజులకి అద్దెకి దిగినదాన్ని,
నాకెందుకో నవ్వొచ్చింది:
మా భాషలో పాకకీ పేకకీ
ఒక్క గుణింతం తేడా.
చెబితే ఎవరికర్థమవుతుంది ఇక్కడ, చెప్పలేదు.

డోలీనా మగ్గం ముందు కూర్చుంది.
చేతికి తగిలిన దుమ్ముని గౌనుకి రాసుకుంది.
ఒక పెడల్ తొక్కింది.
సగం పోగులు పైకి లేచాయి,
సగం కిందికి దిగాయి,
మధ్యలో ఒక సందు తెరుచుకుంది,
జానెడైనా లేని సందు,
అవతలి కిటికీ వెలుగు అందులోంచి కనిపించింది.

"దీని పేరేంటో చెప్పు.
నాడె ఇందులోంచే పోవాలి.
తెరిచి ఉన్నంతసేపే పోవాలి."

గుమాస్తా చెప్పలేదు.
అతను అప్పటికీ గడప మీదే ఉన్నాడు,
ఒక బూటు లోపల, ఒక బూటు వానలో.

"లోపలికి రా, లేదా వెళ్లు,
తలుపు మధ్యలో నిలబడితే పోగులు చెమ్మెక్కుతాయి.
వస్తే ఈ తెగిన కొస పట్టుకో.
కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను."

వచ్చాడు.
జాబితా మగ్గం మీద పెట్టి
రెండు వేళ్లతో ఊదారంగు ఉన్ని కొస పట్టుకున్నాడు.
ఆమె ముడి వేస్తోంది.
మొదటిది జారిపోయింది.